ఒరాజ్ కొరికిన రొట్టె

మా ఇంటి వీధి తలుపుకు ఇరవై ఒక్క ఏళ్ళపాటు గడియ పెట్టలేదు. ఇర్తిష్ నది ఒడ్డున చలికాలం గడిపినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. గాలి తోసినప్పుడల్లా తలుపు తెరుచుకునేది, మంచు వసారాలో మోకాలెత్తు పేరుకునేది. ఒకసారి ఎవడో పుణ్యాత్ముడు తీరిగ్గా లోపలికొచ్చి టీ కాచే సమోవార్ పట్టుకుపోయాడు. అయినా అమ్మ గడియ పెట్టనిచ్చేది కాదు. వాడొస్తే తలుపు కొడుతూ చలిలో నిలబడాలా అనేది. వాడంటే మా అన్న ఒరాజ్.

ఆ తలుపు పైన లోపలివైపు ఒక మేకు ఉండేది. మేకుకు తెల్లగుడ్డ మూట, మూటలో రొట్టె. 1985 వసంతంలో సైన్యానికి బయలుదేరిన పొద్దున ఒరాజ్ ఆ రొట్టెను ఒక్క కొరుకు కొరికి అమ్మ చేతికిచ్చాడు. మిగిలింది తిరిగొచ్చాక తినాలి. మావైపు అన్ని ఇళ్ళలోనూ ఇంతే. కొడుకు రెండేళ్ళకు తిరిగొస్తాడు, తల్లి మూట దింపుతుంది, వాడు రాయిలాంటి ఆ రొట్టెను పాలటీలో నానేసుకుని, పళ్ళు ఊడిపోతున్నాయని గోల చేస్తూ తింటాడు, అందరూ నవ్వుతారు. ట్యాంకు డ్రైవరుగా వెళ్ళిన మా ఒరాజ్ మాత్రం పదహారో నెలలో జింకు పెట్టెలో వచ్చాడు.

శిక్షణలో ప్రమాదం అన్నాడు వెంట వచ్చిన అధికారి, పెట్టె తెరవకూడదని గట్టిగా చెప్పాడు. అలాగే పాతిపెట్టాం. గుర్రాన్ని కోసి ఊరందరికీ భోజనం పెట్టాం. అమ్మ ఏడవలేదు, రొట్టె దింపలేదు. ఆ రొట్టె పక్షులకు వేసెయ్యమ్మా అని ముల్లా చెబితే, అది పక్షులు కొరికిన రొట్టె కాదంది. కొరికినవాడు మిగిలింది తినేదాకా వాడి దారి పూర్తి కాదని ఆమె పట్టు.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఏడు రొట్టెలు నూనెలో వేయించేది. ఆ నూనె వాసన పోయినవాళ్ళకు అందుతుందని మా నమ్మకం. దువా చదివి ఒక్కొక్కరి పేరూ చెప్పేది. నాన్న, తాత, నానమ్మ, పురిట్లోనే పోయిన నా చెల్లెలు. ఒరాజ్ పేరు ఆ వరసలో ఎప్పుడూ రాలేదు.

2007 నాటికి నాకు ముప్ఫై ఏడేళ్ళు. నా పేరు కంషాత్. పెళ్ళయింది, పోయింది, దాని సంగతి ఇక్కడ అనవసరం. ఆ ఫిబ్రవరిలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, మీ అమ్మ గుండె ఈ ఎండాకాలం చూస్తే అదృష్టం అంది. అమ్మకు చావంటే భయం లేదు. ఒక్కటే దిగులు.

"నేను పోయాక తలుపు తెరిచి ఉంచేదెవరే?" అనేది. "నన్ను పాతిపెట్టి వచ్చి నువ్వు చేసే మొదటి పని గడియ పెట్టడమే. నాకు తెలీదూ."

నిజమే, పెట్టేసేదాన్నే. చలికి విసిగిపోయాను. నిజం చెప్పాలంటే ఒరాజ్‌కీ విసిగిపోయాను. వాడు చనిపోయాడని అమ్మ ఒక్కసారి ఒప్పుకుని, ఆ వరసలో వాడి పేరు చేర్చి, మనసులో బరువు దింపుకుని వెళ్ళిపోతే చాలనుకున్నాను. ఆ వసంతమంతా నేను కోరుకున్నది అదొక్కటే.

*

ట్యాంకులు బాగుచేసే కర్మాగారంలో నాది వైరింగు పని. పాత సోవియట్ ట్యాంకులు స్తెప్పీ మైదానాల్లోని డిపోల నుంచి రైలెక్కి వస్తాయి. వాటి పైనుండే ఫిరంగి బురుజు పీకేసి, ఇంజను దింపేసి, లోపలున్న తీగలన్నీ పేగుల్లా లాగి పారేసి, చీకట్లో చూసే అద్దాలు, కొత్త రేడియో పెట్టి, మళ్ళీ పాతికేళ్ళు పనిచేస్తాయని కాగితం రాసి పంపుతాం. మా ఫోర్‌మన్ సాకెన్ దీన్ని ముసలాడికి పళ్ళు కట్టించి పెళ్ళికి పంపడం అంటాడు. అతనికి నోరు ఎక్కువ, మనసు మంచిది.

నది మీద మంచు ఇంకా పగలకముందు, మార్చి మొదట్లో, ఒక బండి వచ్చింది. చూడ్డానికి అన్నిట్లాగే ఉంది, అదే తుప్పు, అదే ఎలుకల కంపు. కానీ యెగోర్ దాన్ని చూసి ఆగిపోయాడు. యెగోర్ మా టెస్ట్ డ్రైవరు, అరవై దాటిన రష్యన్. షెడ్డులోకి వచ్చిన ఏ బండినైనా గుర్రాన్ని తట్టినట్టు తట్టి పలకరించే మనిషి. ఆ రోజు బండి ముందువైపు లాగుడు కొక్కెం దగ్గరున్న పాత వెల్డింగు మచ్చను చాలాసేపు చూశాడు. తర్వాత సాకెన్ దగ్గరికెళ్ళి, దీన్ని వేరేవాళ్ళ చేత నడిపించుకోండి, నా వల్ల కాదన్నాడు. ఎందుకో చెప్పలేదు. దవడలో మిగిలిన నాలుగు పళ్ళ సందున గాలి పీలుస్తూ వెళ్ళిపోయాడు.

ముసలాడికి పెళ్ళికూతురు నచ్చలేదని సాకెన్ అందరికీ చెప్పి నవ్వించాడు.

ఆ తర్వాత నీళ్ళు మొదలయ్యాయి. డ్రైవరు సీటు కింద, పొద్దున్నే, రెండు దోసిళ్ళ నీళ్ళు. బండి గుల్ల చేసి, ఇసుకతో గీకి, వేడిగాలితో ఆరబెట్టి ఉంది. షెడ్డు కప్పు కారడం లేదు. మొదటిరోజు తుడిచాను. రెండోరోజూ తుడిచాను. మూడోరోజు సాకెన్‌ని పిలిచి చూపించాను. చల్లటి ఇనుము మీద వేడిగాలి తగిలితే చెమట పట్టదా, నువ్వెన్నాళ్ళ నుంచి పనిచేస్తున్నావమ్మా ఇక్కడ అని ఎగతాళి చేశాడు. ఆ నీళ్ళలో వేలు ముంచి అతని ముక్కు ముందు పెట్టాను. వేలికి సన్నటి ఇసుక అంటుకుంది. బురద వాసన, చేపల వాసన. సాకెన్ నవ్వు ఆపి, గుడ్డ తెప్పిస్తాను తుడుచుకో అన్నాడు, అంతే.

నౌరోజ్ పండుగ వచ్చింది, పోయింది. నీళ్ళు మాత్రం రోజూ వచ్చాయి. నేను దయ్యాలూ భూతాలూ నమ్మే మనిషిని కాను. అలాంటిది ఇంటర్‌కమ్ పరీక్ష చేసిన రోజున నాకు ఏం చెయ్యాలో తోచలేదు.

బండి లోపల ముగ్గురు కూర్చుంటారు, ఒకరినొకరు చూసుకోలేరు. చెవులకు తొడుక్కునే టోపీలోంచి మాట్లాడుకోవాలి. కొత్త తీగలు కలిపాక నేను పైన కమాండరు చోట కూర్చుని టోపీ పెట్టుకుని మీట నొక్కాను. కింద డ్రైవరు చోట ఎవరూ లేరు. అక్కడ టోపీ కూడా ఇంకా తగిలించలేదు, తీగ కొస ఊరికే వేలాడుతోంది. మిట్టమధ్యాహ్నం, షెడ్డు నిండా జనం, ఎవడో పాట పాడుతున్నాడు.

చెవిలో ఊపిరి వినపడింది. బరువుగా, నిదానంగా. దాని వెనకాల నీళ్ళ చప్పుడు. ఎవరది అన్నాను. ఊపిరి ఆగింది. తర్వాత చిన్నగా, ఎముక పంటికి తగిలినట్టు, టక్ టక్. మళ్ళీ టక్ టక్.

ఆ చప్పుడు నాకు తెలుసు. ఒరాజ్ దగ్గర ఒక ఆసిక్ ఉండేది. గొర్రె చీలమండ ఎముక, ఎర్రరంగు వేసి, బరువుకు సీసం పోసినది. ఆటలో దాన్ని విసిరితే మా వీధిలో ఎవరి ఎముకా నిలబడేది కాదు. ఏదైనా ఆలోచనలో పడితే దాన్ని పంటికి తట్టుకుంటూ కూర్చునేవాడు, టక్ టక్ అని, నాన్న చేత తిట్లు తినేదాకా.

టోపీ తీసి కిందికి దిగాను. భయం వెయ్యలేదని అబద్ధం చెప్పను. డ్రైవరు సీట్లో కూర్చుని, వాడైతే దాన్ని ఎక్కడ దాచుకునేవాడో అనుకుంటూ ఎదురుగా ఉన్న మీటర్ల పలక మరలు విప్పాను. పలక వెనకాల, మేమెవరం ఎప్పుడూ చెయ్యి పెట్టని సందులో, ఆ ఆసిక్ ఇనుప తీగతో చుట్టి బిగించి ఉంది. ఎర్రరంగు సగం పోయింది. తిప్పి చూశాను. పక్కన మూడు నల్లచుక్కలు. అవి నేను పెట్టినవే. ఏడేళ్ళప్పుడు, కాల్చిన మేకుతో. అందుకు వాడు నా జడ కత్తిరించాడు.

*

కర్మాగారం నుంచి ఒక మర కూడా బయటికి తీసుకెళ్ళకూడదు. ఆసిక్‌ను బుగ్గలో పెట్టుకుని గేటు దాటాను. కాపలావాడు పలకరిస్తే పంటి నొప్పి అని చెంప చూపించాను.

అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. వాసన చూసింది. తర్వాత మెల్లగా తన పంటికి తట్టుకుంది. టక్ టక్. నేను చెప్పాల్సింది చెప్పాను. వాడి బండి మా షెడ్డులో ఉందనీ, వాడు అందులోనే పోయి ఉంటాడనీ, ఇక రొట్టె దింపుదామనీ. నీళ్ళ సంగతి, ఊపిరి సంగతి చెప్పలేదు.

ఆమె నేను చెప్పిందేదీ విననట్టే అడిగింది.

"ఆ బండి ఎప్పుడు కదులుతుంది?"

"ఏప్రిల్ ఆఖర్లో. ఎందుకు?"

"నన్ను తీసుకెళ్ళు."

బయటివాళ్ళను లోపలికి రానివ్వరు. కానీ మా షెడ్డులో ఒక అలవాటు ఉంది. ఎవరు మొదలెట్టారో తెలీదు. నడక మొదలుపెట్టే పిల్లాడి కాళ్ళకు నలుపూ తెలుపూ కలిపి పేనిన తాడు కట్టి, మంచి నడకున్న పెద్దావిడ చేత కోయిస్తాం కదా, అలాగే బాగైన ప్రతి బండికీ చక్రాల చుట్టూ ఉండే రెండు ఇనుప పట్టాల మధ్య అలాంటి తాడు కడతాం. దాన్ని కొయ్యడానికి ఎవరో ఒకరి తల్లినో అత్తనో పిలుస్తాం. ఆవిడకు ఒకరోజు అనుమతి దొరుకుతుంది. పై అధికారులు నవ్వుకుంటారు గానీ ఆపరు.

సాకెన్‌ని అడిగాను. గదిలోంచి వసారాలోకి రావడానికి మూడుసార్లు కూర్చునే మనిషి చేత తాడు కోయిస్తే ఈ బండి సరిహద్దు చేరేసరికి యుద్ధాలన్నీ అయిపోతాయని ఒక జోకు వేశాడు. నా ముఖం చూసి కాగితం మీద అమ్మ పేరు రాశాడు. కుల్జియా అని.

ఆ పేరు గోడ మీద అంటించిన మర్నాడు, క్యాంటీనులో యెగోర్ నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. బిస్కెట్టు టీలో ముంచి, అది మెత్తబడి విరిగి పడిపోయేదాకా పట్టుకునే ఉన్నాడు.

"గోడ మీది మీ అమ్మ పేరు అప్పట్లో ఒక చావు కాగితంలో చూశాను. మీ అన్న ట్యాంకు డ్రైవరా?" అన్నాడు.

"అవును."

"ఎనభై ఆరు ఆగస్టు. ఇలీ నది."

నేను తలూపాను. అతను టీ గ్లాసు వైపే చూస్తూ చెప్పాడు. అప్పట్లో తను అదే దళంలో, పాడైన బండ్లను లాగే పెద్ద ట్రాక్టరు నడిపేవాడు. ట్యాంకులను మూతలన్నీ బిగించి, గాలికి పొడుగాటి గొట్టం ఒకటి పైకి పెట్టి, నది అడుగున నడిపించే శిక్షణ అది. మూడో బండి మధ్యలో ఆగిపోయి నీళ్ళు పట్టింది. పైనున్న ఇద్దరూ ఎలాగో బయటపడ్డారు. డ్రైవరు రాలేదు. ఫిరంగి గొట్టం సరిగ్గా అతని మూత మీదికి తిరిగి ఆగింది, మూత లేవదు. రెండు గంటల తర్వాత యెగోర్ ఆ బండిని ఒడ్డుకు లాగాడు. ఆ లాగుడులోనే ముందు కొక్కెం ఊడితే తర్వాత తనే వెల్డింగు పెట్టాడు.

"ఫిరంగిని పక్కకు తిప్పి మూత నేనే తీశాను, కంషాత్. సీటు ఖాళీ."

అర్థం కాలేదన్నాను.

"ఖాళీ. బూట్లు ఉన్నాయి, పక్కపక్కన విప్పి పెట్టి. మనిషి లేడు. అడుగున ఇంకో మూత ఉంటుంది కదా, దాని గడియ లోపల్నుంచి పెట్టే ఉంది. వెనక్కి పోదామంటే ఫిరంగి గుళ్ళు పేర్చే చట్రం అడ్డం. వాడు ఎటు పోయాడో ఎవడికీ తెలీదు. నది అంతా వెతికాం. వారం తర్వాత మా చేత సంతకాలు పెట్టించుకున్నారు."

"మరి పెట్టెలో ఏముంది?"

యెగోర్ గ్లాసు అడుగున పడ్డ బిస్కెట్టు తునకల్ని చెంచాతో కదిపాడు. చెప్పక్కర్లేదు. నాకు కోపం వచ్చింది. అతని మీద, ఆ అధికారి మీద, ఒరాజ్ మీద. ఇరవై ఒక్క ఏళ్ళుగా నేను అమ్మతో వాదిస్తున్నది ఏ సమాధిని చూపించి? ఈ సంగతి తెలిస్తే ఆమె చచ్చేదాకా తలుపు వైపే చూస్తుంది. పోయినా కన్ను మూతపడదు.

అందుకని యెగోర్‌ని ఒకటి అడిగాను. తాడు కోసే రోజున బండి నువ్వే నడపాలి. అమ్మ అడిగితే, నేనే మీ అబ్బాయిని ఈ చేతులతో బయటికి తీశానని చెప్పాలి. చూశానని చెప్పాలి, చనిపోయి ఉన్నాడని చెప్పాలి.

"అబద్ధం నాకు సరిగ్గా రాదమ్మాయ్," అన్నాడు.

"ఇన్నేళ్ళు దాచావుగా. అదొచ్చినప్పుడు ఇదీ వస్తుంది."

అతను తల దించుకున్నాడు. సరేనన్నాడు. ఒరాజ్‌ని బయటికి తీసింది యెగోరేనని ఆ సాయంత్రమే అమ్మకు చెప్పాను.

*

ఏప్రిల్ ఆఖరి గురువారం. బండికి కొత్త పచ్చరంగు వేశారు, మెరుస్తోంది. పట్టాల మధ్య నలుపూ తెలుపూ తాడు. అమ్మ మఖమల్ కోటు, తెల్లటి తలగుడ్డ వేసుకుని నా చెయ్యి పట్టుకుని వచ్చింది. రెండో చేతిలో, మేకు మీంచి తనే దింపుకున్న మూట. అది ఎందుకని దారిలో అడిగితే, అన్నం మోసుకెళ్ళేవాళ్ళని ఎందుకని అడుగుతారా అంది.

సాకెన్ కత్తి అందించాడు. అమ్మ వంగి, ఒక్క కోత కోసింది. ఆడవాళ్ళు మిఠాయిలు చల్లారు, బట్టతల వెల్డర్లు కూడా పిల్లల్లా పడి ఏరుకున్నారు. అంతా నవ్వుతున్నప్పుడు అమ్మ బండి ముందుకెళ్ళింది. డ్రైవరు మూతలోంచి యెగోర్ తల ఒక్కటే బయటికి కనిపిస్తోంది. అతని ముఖం ఆమె ముఖానికి సరిగ్గా ఎదురుగా ఉంది.

"మా వాణ్ని నువ్వే బయటికి తీశావంటగా."

యెగోర్ ఒకసారి నన్ను చూశాడు.

"అవునమ్మా."

"ఎలా ఉన్నాడు?"

"నిద్రపోతున్నట్టు."

అమ్మ బండి ఇనుము మీద చెయ్యి వేసింది. తర్వాత, పక్కింటావిడతో మాట్లాడినంత మామూలుగా అంది.

"పెట్టె లారీ మీంచి దించేటప్పుడు నేనూ ఓ చెయ్యి వేశాను బాబూ. లోపల ఇసుక జారింది. మూటలో గోధుమలు జారినట్టు."

యెగోర్ టోపీ తీసేశాడు. సీటు ఖాళీగా ఉందమ్మా అన్నాడు. అమ్మ తలూపింది. ఇరవై ఒక్క ఏళ్ళూ ఆమెకు తెలుసు, నాకే తెలీదు. వెర్రిదాన్ని నేనే.

ఆమె మూటను అతనికి అందించింది. "ఇది వాడి పక్కన పెట్టు. వాడిది వాడు తినేస్తే నాకింక పనేం లేదు."

మూట ఎక్కడ పెట్టాలో యెగోర్ అడగలేదు. మీటర్ల పలక కింద, నాకు ఆసిక్ దొరికిన చోటు పక్కనే ఉన్న అరలో పెట్టాడు. తర్వాత మూత వేసుకున్నాడు.

తాడు కోశాక ప్రతి బండికీ నీళ్ళ పరీక్ష ఉంటుంది. షెడ్డు వెనకాల సిమెంటు గుంట, రెండు నిలువుల లోతు పైనే. బండి అందులోకి దిగి, అడుగున పది నిమిషాలు ఆగి, అవతల గట్టెక్కాలి. లోపల అతుకులన్నిటికీ ముందే సుద్ద రాసి పెడతాం, ఎక్కడ నీళ్ళు చెమ్మగిల్లినా సుద్ద నల్లబడుతుంది. పొద్దున సుద్ద రాసిందీ, అడుగు మూత గడియ బిగించి దానిమీద సుద్దతో సంతకం పెట్టిందీ నేనే. గట్టెక్కాక దీపం పట్టుకుని మొదట లోపలికి దిగాల్సిందీ నేనే.

బండి నీళ్ళలోకి దిగుతుంటే నేను ఆలోచించింది ఒక్కటే. లోపలికెళ్ళగానే ఆ రొట్టె తీసి పనిబట్టల్లో దాచేస్తాను. ఖాళీ గుడ్డ అమ్మకిస్తాను. తిన్నాడమ్మా అంటాను. అంతకన్నా నేను చేయగలిగింది ఏముంది? రొట్టె వెనక్కి వస్తే ఆమె మళ్ళీ దాన్ని మేకుకు తగిలిస్తుంది. ఈ వేసవిలోనే ఏదో ఒక రోజు ఆ మూట వైపు చూస్తూ పోతుంది.

గాలి గొట్టం ఒక్కటే నీళ్ళ మీద కనపడుతోంది. ఇంజను చప్పుడు మూలుగులా వస్తోంది. నాలుగు నిమిషాలకు అది ఆగిపోయింది. సాకెన్ రేడియోలో యెగోర్‌ని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. జవాబు లేదు. నీళ్ళ మీదికి ఒక్కొక్క బుడగ వచ్చి పగులుతోంది. లాగే బండిని తెమ్మని సాకెన్ కేక వేశాడు. మిఠాయిలు ఏరుకున్నవాళ్ళంతా గుంట అంచున నిలబడ్డారు. అమ్మ మాత్రం కుర్చీలో కూర్చుని, గుప్పెట్లో ఆసిక్ పట్టుకుని, నీళ్ళ వైపు చూస్తోంది. తొందరేం లేదన్నట్టు, పిల్లాడు తినేదాకా కంచం దగ్గర కూర్చున్న తల్లిలా.

పదకొండో నిమిషంలో ఇంజను తనంతట తను అందుకుంది. బండి నీళ్ళు కారుస్తూ గట్టెక్కింది.

యెగోర్ మూత తీసుకుని దిగి, అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. నేను దీపం తీసుకుని లోపలికి దిగాను. పనిబట్టల జేబు గుండీ ముందే విప్పి పెట్టుకున్నాను.

సుద్ద ఎక్కడా చెమ్మగిల్లలేదు. ప్రతి అతుకూ పొద్దున రాసినంత తెల్లగా ఉంది. సీటు కింద నీళ్ళు లేవు. అరలోకి దీపం చూపించాను. గుడ్డ ఉంది. నాలుగు మడతలు వేసి, కొస లోపలికి దోపి ఉంది. తిన్నాక గుడ్డను అలా మడవమని అమ్మ చిన్నప్పుడు మా ఇద్దరికీ నేర్పింది. ఒరాజ్ ఎప్పుడూ సరిగ్గా మడవక దెబ్బలు తినేవాడు. విప్పి దులిపాను. ఒక్క తునక కూడా రాలలేదు.

వెనక్కి తిరుగుతుంటే దీపం అడుగు మూత మీద పడింది. గడియ తీసి ఉంది. నా సుద్ద సంతకాన్ని చెరుపుతూ, పిడి అటువైపు వాలి ఉంది. నీళ్ళ అడుగున ఆ గడియ తీస్తే బండి నిమిషంలో నిండిపోవాలి. ఒక్క చుక్క రాలేదు.

నేను గడియ పెట్టేశాను. ఎంతసేపు అక్కడ కూర్చున్నానో తెలీదు. పైనుంచి సాకెన్ పిలిస్తే బయటికొచ్చాను.

యెగోర్ ఇంకా నేల మీదే ఉన్నాడు. పక్కన కూర్చుని, రొట్టె నువ్వు తిన్నావా అని గుసగుసగా అడిగాను. తిన్నానంటే బాగుండునని ఎంత ఆశపడ్డానో. అతను నోరు తెరిచి ఆ నాలుగు పళ్ళూ చూపించాడు.

"దీపాలు పోయాయి," అన్నాడు. "పక్కన ఎవరో నములుతున్నారు. మెల్లగా. చాలాసేపు. నేను తల తిప్పలేదు కంషాత్. ఎదరకే చూస్తూ కూర్చున్నా."

అమ్మకు గుడ్డ ఇచ్చాను. నేను ముందే తయారుచేసి పెట్టుకున్న అబద్ధంతో పని పడలేదు. ఆమె మడతలు చూసింది. వేలితో కొస తడిమింది.

"తిన్నాడు," అంది. తనకు దాహంగా ఉందంది. సాకెన్ పరుగెత్తి టీ తెచ్చాడు.

ఆ బండి మే నెలలో రైలెక్కి వెళ్ళిపోయింది. వెళ్ళేదాకా దాని సీటు కింద మళ్ళీ నీళ్ళు రాలేదు. కాగితంలో నేను లోపం లేదని రాసి సంతకం పెట్టాను. అమ్మ ఆగస్టు దాకా ఉంది.

కానీ నేను చెప్పాలనుకున్నది తాడు కోసిన మర్నాటి శుక్రవారం గురించి. అమ్మ కూర్చునే పిండి కలిపింది, నేను వేయించాను. ఇల్లంతా నూనె వాసన. ఏడు రొట్టెలూ పళ్ళెంలో పెట్టాక అమ్మ చేతులు చాపి దువా చదివి పేర్లు చెప్పింది. నాన్న పేరు, తాత పేరు, నానమ్మ, నా చెల్లెలు. ఆగింది. ఒరాజ్, అంది. చేతులు ముఖానికి తుడుచుకుని, ఒక రొట్టె తుంచి నాకు పెట్టింది.

వసారాలోంచి చల్లగాలి వస్తోంది. "గడియ పెట్టవే," అంది.

తలుపు దగ్గరికెళ్ళాను. ఇరవై ఒక్క ఏళ్ళ తుప్పు. కర్మాగారం నుంచి తెచ్చుకున్న నూనె రెండు చుక్కలు వేసి, సుత్తితో తట్టి, గడియ కదిలేదాకా చేశాను. అక్కడితో నా చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్ళూ ఈ గడియ కోసమే పోట్లాడినదాన్ని, దాన్ని పట్టుకుని నిలబడి చంటిపిల్లలా ఏడ్చాను. మా అన్న లేడు. ఇక రాడు.

అమ్మ గోడ పట్టుకుని లేచి, దారిలో రెండుసార్లు ఆగి, నా పక్కకు వచ్చింది. నా చేతులు పక్కకు తీసి, తనే గడియ పెట్టింది.